బోర్డు కాస్త పైకి పట్టుకో

ఫిబ్రవరి 3, సోమవారం

నాన్న వచ్చేస్తున్నాడు. ఈ మాట రాసుకోవడానికే ఈ పుస్తకం మళ్ళీ తీశాను.

పొద్దున వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెనక కార్ల హారన్లు, ఎవరో ఎవరినో తిట్టడం, వాటి మధ్య నాన్న గొంతు. "ఇన్సాఫ్ తల్లీ, పన్నెండో తారీఖుకి టికెట్ తీశా. మధ్యాహ్నానికల్లా కైరోలో ఉంటా. ఈసారి సెలవు మీద కాదు, ఎగ్జిట్. జెద్దాకి ఇక దండం. ఈ రంజాన్‌కి మీ అమ్మ చేతి సూప్ మీ అమ్మ ఎదురుగా కూర్చుని తాగుతా. ఆఁ, నీ మెసేజ్ చదివాను. రెండుసార్లు చదివాను. భలే రాశావు."

అమ్మకు వినిపించాను. మళ్ళీ పెట్టమంది. ఇంకోసారి పెట్టమంది. ఆ తర్వాత ఫోన్ లాక్కుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నేను పాకే వయసులో వెళ్ళాడు నాన్న. రెండేళ్ళకోసారి నెల రోజులు వస్తాడు, అదీ రంజాన్ కాని నెలలో. మక్కాకు యాత్రికులు పోటెత్తేది రంజాన్‌లోనే, జెద్దా ఎయిర్‌పోర్టులో కారు నడిపేవాళ్ళకు సెలవు దొరకనిది రంజాన్‌లోనే. ఉపవాసం విడిచే వేళ అమ్మ ప్రతి ఏడూ ఒక కంచం ఎక్కువ పెడుతుంది. ఎవరిదని అడిగితే, "అతిథులెవరైనా వస్తారేమో" అంటుంది. ఈసారి ఆ అబద్ధం అక్కర్లేదు.

ఫిబ్రవరి 4

రిఫాత్ మామయ్య సాయంత్రం వచ్చాడు. నాన్న వస్తున్నాడంటే చాలు, మామయ్య మైక్రోబస్ ఆ రోజుకి ఎయిర్‌పోర్టు రూటు. సీట్లు చాలక పిల్లలు ఒళ్ళలో కూర్చుంటారు. నయీమా అత్త డప్పు పట్టుకుని ముందు ఎక్కుతుంది. నాన్న గేటు బయట కాలు పెట్టగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుక ఆడిస్తూ కేక వేస్తుంది. పెళ్ళిలో వేసినట్టే. ఎయిర్‌పోర్టంతా తిరిగి చూస్తుంది.

పోయినసారి అలా తిరిగి చూసినవాళ్ళలో మా క్లాసు దాలియా ఉంది. వాళ్ళ నాన్న పారిస్ నుంచి దిగాడు. ఆయన్ని తీసుకెళ్ళడానికి ఒక్క డ్రైవరు వచ్చాడు. బోర్డు పట్టుకుని, నోరు మెదపకుండా. పెట్టె అందుకున్నాడు, తలుపు తీశాడు, అంతే. అదే సమయానికి సెక్యూరిటీ అతను అత్తని, "ఏయ్ ముసలమ్మా, ఇదేమన్నా కల్యాణమండపమా?" అని గదిమాడు. నాన్న వాణ్ణి చూసి నవ్వి సలాం కొట్టాడు. తన పెట్టెలు తనే నెత్తికెత్తుకున్నాడు.

నాకు సిగ్గేసిందని కాదు. నాన్న సలాం కొట్టడం నచ్చలేదు.

ఫిబ్రవరి 6

పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బులతో ఏం చెయ్యాలో ఇప్పుడు తెలిసింది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న చేసేది ఒకటే పని. గేటు బయట బోర్డు పట్టుకుని నిలబడతాడు. వచ్చినవాళ్ళ పెట్టెలు మోస్తాడు. చల్లటి కారులో వాళ్ళని వెనక కూర్చోబెడతాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాన్న కోసం ఎవరైనా బోర్డు పట్టుకుని నిలబడాలి. ఆయన వెనక సీట్లో కూర్చోవాలి.

ఇదివరకు ఫోన్లో ఆయనే అన్నాడు: "గుంపులో కన్నతల్లిని దాటిపోయే మనిషి ఉంటాడేమో గానీ తల్లీ, తన పేరుని దాటిపోయేవాడు ఉండడు. కళ్ళు వాటంతటవే అటు తిరుగుతాయి. రోజూ చూస్తున్నా."

ఇవాళ ఇంకో నవ్వులాట. మా కాలేజీలో పట్టా చేతికి రావాలంటే ప్రతి విద్యార్థీ చదువు రాని పెద్దవాళ్ళు కొందరికి చదవడం, రాయడం నేర్పి పరీక్ష గట్టెక్కించాలి. అమ్మ పోయిన ఏడు పాసైపోయింది. నయీమా అత్త, కూరగాయల ఉమ్మ్ రమదాన్ ఇప్పుడు కుస్తీ పడుతున్నారు. ఇంకొక్కరు తక్కువ. ఆ సంగతి చెబితే నాన్న పడీ పడీ నవ్వాడు. "అల్లా నన్ను కాపాడాడు! లేకపోతే ఈ వయసులో నీ బెత్తం దెబ్బలు తినేవాణ్ణి" అన్నాడు. "నువ్వెందుకు తింటావు నాన్నా, పేర్లు చదవకపోతే నీ ఉద్యోగమే లేదుగా" అన్నాను. "అదే కదా మరి" అన్నాడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కారు మాట్లాడాను. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి దింపే ఇలాంటి కార్లకి ఇక్కడ లిమోజిన్ అని పేరు, వచ్చేది మామూలు కారే. ఆఫీసులో ఒకావిడ ఫోన్ ఎత్తింది.

"విమానం నంబరు? పెట్టెలెన్ని? బోర్డు మీద పేరు?"

"ఉస్తాజ్ బయ్యూమీ అబ్దుల్ జలీల్ షహ్హాతా."

"ప్రయాణికుడి ఫోన్?"

"ఇక్కడ పని చెయ్యదండీ. జెద్దా నంబరు, కంపెనీకి ఇచ్చేసి వస్తున్నారు. నా నంబరు రాసుకోండి."

"కారు వస్తుందని ఆయనకి చెప్పారా?"

"లేదండీ. తెలియకూడదు."

ఆవిడ నవ్వింది. "సరే, పేరు చూసుకుని ఆయనే వస్తారులే. అందరూ అలాగే వస్తారు."

మా వీధికంతటికీ నాన్న ఉస్తా బయ్యూమీ. స్టీరింగ్ పట్టినవాళ్ళని, సుత్తి పట్టినవాళ్ళని అలాగే పిలుస్తారు. బోర్డు మీద మాత్రం ఉస్తాజ్ అని రాయించాను. మా ప్రొఫెసర్లని పిలిచినట్టు.

ఫిబ్రవరి 8

ఇంట్లో చెప్పాను, నాన్నే ఎవరినీ రావద్దన్నాడని. అలిసిపోయి ఉంటాను, తిన్నగా ఇంటికే వస్తాను అన్నాడని. కారు సంగతి చెబితే మామయ్య నాన్నకి చేరవేసేస్తాడు, అత్త వీధికి.

అమ్మ నా వైపు తిరిగింది. "ఆయనే అన్నాడా?"

"ఆయనే."

"ఎప్పుడూ అనలేదే."

చిన్న అబద్ధం. బుధవారం దాకానే.

ఫిబ్రవరి 11

బాతు తెచ్చాం. అమ్మ గోరింటాకు పెట్టుకుంది. ఎందుకని అడిగితే గోళ్ళు పగులుతున్నాయట.

ఫిబ్రవరి 12, బుధవారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపు నాకే నమ్మకం కుదరదు.

విమానం వేళకే దిగింది. డ్రైవరు పేరు హాతిమ్, కుర్రవాడు, మాట మెత్తన. "గేటు ఎదురుగానే ఉన్నా మేడమ్" అని ఫొటో పంపాడు. బోర్డు మీద పేరు పెద్ద అక్షరాలతో కనిపించింది. తప్పులేమీ లేవు. అంతే చూశాను. సంతోషంతో ఫోన్ గుండెకి ఆనించుకుని వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతోంది.

గంట దాటాక హాతిమ్ ఫోన్ చేశాడు. "అందరూ వెళ్ళిపోతున్నారు మేడమ్, మీ ఆయన రాలేదు."

"మా నాన్న. పెట్టెలు ఆలస్యమై ఉంటాయి. ఉండండి."

మళ్ళీ చేశాడు. మళ్ళీ ఉండమన్నాను. చివరికి వాడికి ఇంకో విమానం వేళయింది. "లోపల కూడా అడిగించాను మేడమ్, ఆ విమానం వాళ్ళెవరూ మిగల్లేదట. ఏమీ అనుకోవద్దు" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏం చేశానో సరిగ్గా గుర్తు లేదు. వంటింట్లో పళ్ళేలు సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను. విమానం ఎక్కలేదేమో. పాస్‌పోర్టు పట్టుకున్నారేమో. గుండెపోటు. అమ్మ అడిగితే, "రోడ్డు మీద రద్దీ" అన్నాను.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అవుతుండగా వీధి చివర టుక్‌టుక్ ఆగింది. ముందు దుప్పటితో కట్టిన పెట్టె, దాని వెనక నాన్న. నెమ్మదిగా నడుస్తూ, రంజాన్ కోసం కట్టిన దీపాల కింద ఆగి ఆగి, ఒక్కో ఇంటి వైపూ తల ఎత్తి చూస్తూ వచ్చాడు. మమ్మల్ని చూశాడు. అమ్మని, అత్తని, మామయ్యని, నన్ను. కళ్ళతో ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు.

"అందరూ ఉన్నారా?" అన్నాడు. "అల్హందులిల్లా. ఎవరో పోయారనుకున్నా."

ఎవరికీ అర్థం కాలేదు.

"గేటు దగ్గర ఒక్కరూ కనబడలేదు. ట్రాఫిక్ అనుకున్నా. పెట్టె మీద కూర్చున్నా. ఫోన్ చేద్దామంటే నంబర్లన్నీ ఇచ్చేసి వచ్చిన ఫోన్లోనే. పొద్దు వాలాక భయమేసింది. ఇంట్లో శవం ఉంటే తప్ప వీళ్ళు రాకుండా ఉంటారా అనిపించింది. వీధి మొదట్లో షామియానా ఉందేమో అని చూసుకుంటూ వస్తున్నా. దీపాలు కనబడ్డాక ఊపిరొచ్చింది."

మామయ్య గట్టిగా నవ్వాడు. "బాగుంది బావా! రావద్దని కబురు పెట్టింది నువ్వు, ఏడిపించేది మమ్మల్నా? పెద్దమనిషివైపోయావు, మా డొక్కు బండి నీకు ఆనదు."

"అవును తమ్ముడూ" అంది నయీమా అత్త, డప్పు చంకలో పెట్టుకుని. "నా నోరు మూయించావు కదా. నాలుగు రోజుల్నించీ కేక గొంతులోనే కుళ్ళిపోతోంది."

నాన్న నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు.

"అవునవును" అన్నాడు. "నేనే కదా వద్దన్నాను. మర్చేపోయాను. ముసలితనం."

అత్త అప్పుడు వేసింది కేక. వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి. నాన్న అందరినీ కౌగిలించుకున్నాడు. నన్నూ. నా తల నిమిరి, "ఎంత ఎదిగావే" అన్నాడు.

అందరి ముందూ నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకున్నాడు. రేపు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్తాను, కారు పంపానని. గుంపులో కనబడి ఉండదు. విని పగలబడి నవ్వుతాడు.

ఫిబ్రవరి 13

పొద్దున హాతిమ్ తనంతట తనే ఫోన్ చేశాడు, సంజాయిషీ చెప్పుకోవడానికి. "ఒట్టు మేడమ్, కదల్లేదు నేను. పక్కవాడితో ఫొటో కూడా తీయించి పంపానుగా. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి పాఠం కూడా చెప్పాడు. 'బాబూ, బోర్డు కాస్త పైకి పట్టుకో. కడుపు దగ్గర పెట్టుకుంటే ఎవరికి కనబడుతుంది? గుండె మీద ఉండాలి' అన్నాడు. తనే పైకి జరిపాడు. 'నీ మనిషి త్వరగా రావాలి, అల్లా నీకు ఓపికనివ్వాలి' అని దీవించి పోయాడు. ఎన్నాళ్ళ అనుభవమో! నేనట్లాగే పట్టుకున్నా మేడమ్, చివరిదాకా గుండె మీదే పట్టుకున్నా."

ఫొటో తీసి చూశాను. నిన్న బోర్డే చూశాను. ఇవాళ బోర్డు పక్కన చూశాను.

బూడిద రంగు కోటు. పక్కకి తిరిగిన ముఖం. బోర్డు మూలని పట్టుకుని పైకి జరుపుతున్న చెయ్యి. చిటికెన వేలు మా నాన్న పేరు మీద ఉంది.

ఫిబ్రవరి 14

ఎండ. కళ్ళద్దాల మీద ఎండ పడితే ఏమీ కనబడదు. నాన్నకి చూపు కూడా తగ్గి ఉంటుంది. కళ్ళ డాక్టరుకి చూపించాలి.

ఫిబ్రవరి 16

నాన్న మందుల చీటీ బల్ల మీద ఉంది. "రాత్రి వేసుకునేది ఏది నాన్నా?" అని అడిగాను. మామూలుగానే అడిగాను.

"గులాబీ రంగుది."

"దాని పేరు?"

"గులాబీ రంగుది అంటే షాపువాడు ఇస్తాడు తల్లీ, పేరెందుకు?"

టీవీలో కింద పోతున్న వార్త ఏమిటని అడిగాను. "అద్దాలెక్కడో పెట్టాను" అన్నాడు. అద్దాలు తల మీద ఉన్నాయి.

పాత మెసేజ్‌లన్నీ తిరగేశాను. నేను రాసినవి పేజీలు పేజీలు. పరీక్షల గురించి, ఎర్రముక్కు లెక్చరర్ గురించి, అమ్మతో తగవుల గురించి. కింద ప్రతిసారీ నాన్న గొంతు, లేదా ఒక గులాబీ పువ్వు బొమ్మ. ఒక్క అక్షరం లేదు. ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం లేదు. డ్రైవింగులో రాయడం కుదరదు కదా అనుకునేదాన్ని.

అక్కడ బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉంటాయేమో. ఇంగ్లీషు గుర్తుపట్టి, అరబ్బీ మర్చిపోయి ఉంటాడు.

ఏం రాస్తున్నాను నేను.

ఫిబ్రవరి 18

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నాన్నకి చదవడం వచ్చా?"

చెయ్యి ఆగిపోయింది. "ఎవరన్నారు నీతో?"

"ఎవరూ అనలేదు."

అమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నువ్వు బళ్ళో చేరిన కొత్తల్లో సెలవుకొచ్చాడు. నీ పుస్తకం తెచ్చి కథ చదవమన్నావు. పుస్తకం తెరిచి చక్కగా కథ చెప్పాడు. సింహం, కుందేలు, ఏదో. నువ్వు విన్నావు, విని, 'నాన్నా, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావు' అన్నావు. 'నీకు కనబడాలని అటు తిప్పానే పిచ్చిదానా' అన్నాడు. ఆ రాత్రి నిద్రపోలేదు. 'దానికి తెలియనివ్వకు సనియ్యా, అది పెద్ద చదువులు చదవాలి, చదువు రానివాడి కూతురని దానికి అనిపించకూడదు' అన్నాడు."

"మరి ఉద్యోగం?"

"ఎలా నెట్టుకొస్తున్నాడో నాకూ చెప్పలేదు." నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళకి గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. "నీకు తెలిసిందని ఆయనకి తెలియకూడదు. నా మీద ఒట్టెయ్."

వేశాను.

ఫిబ్రవరి 20

భోజనాల దగ్గర నాన్న నెమ్మదిగా అన్నాడు: "కంపెనీ వాళ్ళు కబురు పెట్టారు. రంజాన్ సీజన్, మనుషులు చాలట్లేదంట."

"వాళ్ళకి చాలకపోతే నీకేంటి?" అంది అమ్మ. "ఎగ్జిట్ కొట్టించుకుని వచ్చినవాడివి."

నాన్న రొట్టె ముక్క తుంచాడు. నోట్లో పెట్టుకోలేదు. "ఎగ్జిట్ కొట్టించలేదు. వెళ్ళి రావడానికే కొట్టించుకున్నా. ముందు చూసి, తర్వాత నిమ్మళంగా కాయితం మార్చుకుందామనుకున్నా."

"ఏం చూసి?"

"ఇల్లు."

"ఇంట్లో చూడ్డానికేముంది?"

"ఏమీ లేదు సనియ్యా. అంతా బాగుంది. నేను లేకపోయినా అంతా చక్కగా నడుస్తోంది. అదే చూశా." నవ్వాడు. "ఇంకో రెండేళ్ళు. చేతిలో బలముంది. ఇక్కడ కూర్చుని ఏం చేస్తా, మీ తమ్ముడి డ్రైవింగుకి వంకలు పెట్టనా?"

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి.

నాన్న నా కంచంలోకి మాంసం ముక్క జరిపాడు. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు. వచ్చిన రోజు నుంచీ చూడటం లేదు.

ఫిబ్రవరి 21

చెబితే: నాన్నా, కారు పంపాను, నీ పేరు నీ చేతి కిందే ఉంది. అంటే, నీకు చదువు రాదని నాకు తెలుసు. ఇన్నేళ్ళు నువ్వు కట్టుకున్న గోడ ఒక్క మాటతో.

చెప్పకపోతే: నా కూతురు నన్ను నలుగురిలో చూసుకోవడానికి సిగ్గుపడింది. ఆ నమ్మకంతోనే వెళ్ళిపోతాడు.

ఒట్టు కూడా వేశాను.

ఫిబ్రవరి 23

బాల్కనీలో కూర్చుని రంజాన్ దీపానికి వైరు సరిచేస్తున్నాడు. వెళ్ళే మనిషి దీపం కడుతున్నాడు.

"నాన్నా, ఆ రోజు..."

"ఏ రోజు?"

"నువ్వు దిగిన రోజు. నేను అందరితో..."

"వదిలెయ్ తల్లీ." వైరు పళ్ళతో కొరికాడు. "మా నాన్న పట్నం వచ్చేవాడు, గాడిద బండి మీద, పచ్చిగడ్డి మధ్య కూర్చుని. నేను గ్యారేజీలో పనివాణ్ణి, కుర్రాణ్ణి. నా స్నేహితులు చూస్తారని షట్టరు వెనక దాక్కున్నా. 'బయ్యూమీ, ఓ బయ్యూమీ' అని పిలిచి పిలిచి పోయాడు. పిల్లలు అంతే. పెద్దయ్యాక బాధపడతారు. నువ్వు అది కూడా పడొద్దు. నాకేం అనిపించలేదు."

"అది కాదు నాన్నా..."

"స్విచ్ వెయ్యి, వెలుగుతుందేమో చూద్దాం."

వేశాను. వెలిగింది.

క్షమించేశాడు. నేను చెయ్యని దానికి. చెయ్యలేదా? దాలియా ముఖం గుర్తు రాకపోయి ఉంటే అసలు కారు మాట్లాడేదాన్నా? ఈ పేజీలో అయినా నిజం రాయాలి. మాట్లాడేదాన్ని కాదు. మైక్రోబస్‌లోనే వెళ్ళేదాన్ని, డప్పు పక్కన కూర్చుని.

ఫిబ్రవరి 26, బుధవారం

నాన్న వెళ్ళిపోయాడు.

పొద్దున నన్ను పక్కకి పిలిచి, "నువ్వు రానక్కర్లేదు తల్లీ, క్లాసు పోతుంది. ఇక్కడే వీడ్కోలు చెప్పేసుకుందాం" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో. నాకు తప్పించుకునే దారి తెరిచి పట్టుకున్నాడు, కారు తలుపు తెరిచి పట్టుకున్నట్టు.

నేను మైక్రోబస్ ఎక్కి అత్త పక్కన కూర్చున్నాను. డప్పు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరూ వాయించలేదు, వెళ్ళేటప్పుడు వాయించరు. నాన్న ముందు సీట్లో మామయ్య పక్కన కూర్చుని, "గేరు మార్చరా, బండి ఏడుస్తోంది" అంటూనే ఉన్నాడు. "నీ లిమోజిన్ కాదు బావా ఇది, దీనికి ఏడవటమే వచ్చు" అన్నాడు మామయ్య. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

గేటు దగ్గర అందరినీ కౌగిలించుకున్నాడు. నుదుటి మీద ముద్దు పెట్టి నా చెవిలో, "బాగా చదువుకో" అన్నాడు. పెట్టె తోసుకుంటూ లోపలికి నడిచాడు. అద్దాల తలుపు తెరుచుకుంది. చక్రాల బండ్లు, సూట్లు వేసుకున్నవాళ్ళు, బోర్డులు పట్టుకున్న డ్రైవర్లు, పోలీసులు.

అప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కేక వేశాను.

నాకు రాదు. ఎప్పుడూ నేర్చుకోలేదు. నాలుక సరిగ్గా ఆడలేదు, మధ్యలో గొంతు జీరపోయింది, గాయపడ్డ పిట్ట అరుపులా వచ్చింది. అందరూ తిరిగి చూశారు. అత్త నా చెయ్యి లాగింది. "నీ బొంద, ఏంటే ఇది? వెళ్ళేవాడికి ఎవరన్నా కేక వేస్తారా? అపశకునం!" సెక్యూరిటీ అతను, "ఏంటమ్మా, ఏంటీ గోల?" అంటూ వచ్చాడు. నేను ఇంకోసారి వేశాను. ఇంకా గట్టిగా.

నాన్న ఆగాడు. తిరిగాడు. అంత దూరం నుంచి ముఖం సరిగ్గా కనబడలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు. జనం వెనక నుంచి తోశారు. తలుపు మూసుకుంది.

ఫిబ్రవరి 28

చేరాడట. అమ్మ ఫోన్‌కి చెప్పాడు. రెండేళ్ళకి సంతకం పెట్టాడట.

సంతకం. నయీమా అత్త కూడా అక్షరాలు రాకముందే తన పేరొక్కటీ బొమ్మలా గీయడం నేర్చుకుంది.

మార్చి 1, శనివారం. రంజాన్ మొదటి రోజు

అమ్మ ఒక కంచం ఎక్కువ పెట్టింది. నేను ఎవరిదని అడగలేదు.

ఉపవాసం విడిచి, సూప్ తాగి, వీధిలో పిల్లలు టపాకాయలు మొదలుపెట్టాక నా ఫోన్‌కి వాయిస్ మెసేజ్ వచ్చింది. పొడుగుది. బాల్కనీలోకి తెచ్చుకుని విన్నాను. నాన్న కట్టిన దీపం కింద. ఉన్నదున్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను.

"ఇన్సాఫ్ తల్లీ, రంజాన్ మీకందరికీ మంచి చెయ్యాలి. మేం ఎయిర్‌పోర్టులోనే ఖర్జూరాలు తిన్నాం, నిలబడే. ఒక మాట అడగాలి నిన్ను. విమానంలో కూర్చున్నంతసేపూ నీ కేకే చెవుల్లో. అంత పాడు కేక నా జన్మలో వినలేదు. మీ అత్త దగ్గర నేర్చుకో, పరువు తియ్యకు." నవ్వాడు. ఆ వెనకే కారు ఇంజను శబ్దం. "సిగ్గుపడే పిల్ల అంతమందిలో అట్లా అరవదు. ఇది నాకు అక్కడ తట్టలేదు, గాల్లోకి లేచాక తట్టింది. మరి ఆ రోజు ఎందుకు రాలేదు, వాళ్ళనెందుకు రానివ్వలేదు? ఆలోచిస్తూనే ఉన్నా. ఇవాళ బోర్డు పట్టుకుని నిలబడ్డప్పుడు అక్కడి కుర్రాడు గుర్తొచ్చాడు. కైరో గేటు దగ్గర. బోర్డు కడుపు దగ్గర పెట్టుకుని ఉంటే నేనే పైకి జరిపా. మా విమానం వాళ్ళందరికీ మనుషులొచ్చారు తల్లీ, ఆ కుర్రాడికి ఒక్కడికే ఎవరూ రాలేదు. నేను అటు పెట్టె మీద, వాడిటు బోర్డు పట్టుకుని. వాణ్ణి చూసి పాపం అనుకున్నా."

మళ్ళీ ఇంజను. ఎవరో సలాం చెబితే బదులిచ్చాడు.

"మా ఆఫీసులో ఒక మలబారీ కుర్రాడున్నాడు. బోర్డు మీది పేరు వాడు నా చెవిలో చెప్తాడు. తలకిందులుగా పట్టుకోకుండా పై మూలన టేపు ముక్క అంటిస్తాడు. నీ మెసేజ్‌లు మా గదిలో అబ్దుల్ హక్ చదువుతాడు, రాత్రి ఇషా నమాజు అయ్యాక. ఎర్రముక్కు లెక్చరర్ సంగతొస్తే గదంతా నవ్వుతాం. నేను రెండుసార్లు చదివించుకుంటా. అది అబద్ధం కాదు. మిగతాది... నీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే ఇప్పుడు తెలిసింది. మీ అమ్మని ఏమీ అనకు.

"ఆ కుర్రాడి బోర్డు మీద ఎవరి పేరుంది తల్లీ? రాయకు. చెప్పు."

లోపలి నుంచి అమ్మ పిలుస్తోంది, తీపి చల్లారిపోతోందని. అక్కడ ఆ ఖాళీ కంచం అలాగే ఉంది. ఇంకో రెండు రంజాన్లు అలాగే ఉంటుంది.

మైకు గుర్తు మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. మొదటిసారి సగంలో ఆపి చెరిపేశాను. రెండోసారి కూడా. ఆ తర్వాత బోర్డు మీద రాయించింది రాయించినట్టుగా, క్లాసులో ఉమ్మ్ రమదాన్‌కి చదివి వినిపించినట్టు ఒక్కో మాటా ఆపి ఆపి చదివాను.

"ఉస్తాజ్. బయ్యూమీ. అబ్దుల్ జలీల్. షహ్హాతా."

వేలు తీశాను. వెళ్ళిపోయింది. కొంతసేపటికి నాన్న విన్నట్టు గుర్తు నీలంగా మారింది. ఎన్నిసార్లు విన్నాడో ఫోన్ చెప్పదు.